సరిహద్దు చూడనివాడికి యుద్ధం ఖరీదు ఎలా తెలుస్తుంది?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీ ఊళ్ళో ఇంటికొకరు మిలిటరీలో ఉన్నారు. మీరు రెండుసార్లు మిలిటరీ భర్తీ ర్యాలీకి వెళ్ళి కంటి చూపు దగ్గర ఆగిపోయారు. మొన్న రచ్చబండ దగ్గర యుద్ధం మాట వచ్చినప్పుడు "ఎన్ని ప్రాణాలు పోతాయో" అని మీరంటే, "బోర్డర్ మొహం సూడనోడివి, నీకేటి తెలుసు?" అని నలుగురిలో అనేశారు. మీ వీధిలోనే 1971 యుద్ధంలో భర్తను పోగొట్టుకున్న ఒక ముసలావిడ ఉన్నారు. ఆవిడ దగ్గరికి వెళ్ళి మాట్లాడాలని ఉంది కానీ ఏం మాట్లాడాలో తెలియడం లేదు. యుద్ధానికి వెళ్ళని మనిషికి దాని ఖరీదు నిజంగా అర్థమవుతుందా, లేక నోరు మూసుకోవడమే మర్యాదా అని మీ ప్రశ్న.

ముందు సూటిగా చెప్పేస్తాను. యుద్ధం లోపల ఎలా ఉంటుందో మీకు తెలియదు, నాకూ తెలియదు, ఇక తెలియదు కూడా. యుద్ధం ఖరీదు మాత్రం తెలుసుకోవచ్చు. ఈ రెండూ వేరు. గుళ్ళు పేలుతుంటే గుండె ఎలా కొట్టుకుంటుందో, పక్కవాడు పడిపోతే చేతులు ఏం చేస్తాయో అక్కడున్నవాడికే తెలుసు. దాన్ని మనం ఊహించుకుని, తెలిసినట్టు మాట్లాడకూడదు. ఖరీదు సంగతి అలా కాదు. అక్కడ కట్టేది కొంత. మిగతాది మన ఊళ్ళలో, మన వీధుల్లో ముప్ఫై నలభై ఏళ్ళ పాటు కడుతూనే ఉంటారు. కట్టేవాళ్ళలో చాలామంది సరిహద్దు చూడనివాళ్ళే.

ఏ అర్హతతో ఇది చెప్తున్నానో మీకు తెలియాలి. నేను సైనికుణ్ణి కాను. నరసన్నపేటకు దగ్గర్లో ఒక పల్లెలో 1985 నుంచి 2020 దాకా, ముప్ఫై అయిదేళ్ళు బ్రాంచ్ పోస్ట్ మాస్టర్‌గా చేశాను. మా ఇంటి అరుగే పోస్టాఫీసు. చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ళ మిలిటరీ ఉత్తరాలూ మనియార్డర్లూ నా చేతి మీదుగానే వెళ్ళేవి. చదువురాని తల్లులకూ భార్యలకూ ఉత్తరం చదివిపెట్టడం, జవాబు రాసిపెట్టడం కూడా నా పనే అయిపోయింది. రిటైరయ్యాక ఆ ఇళ్ళలోని ఆడవాళ్ళకే పెన్షన్ కాగితాలు చూసిపెడుతున్నాను. డబ్బు తీసుకోను. నాకు తెలిసిందంతా ఆ అరుగు మీద తెలిసిందే.

టపా సంచి నరసన్నపేట నుంచి బస్సులో పదకొండింటికి దిగేది. 1987లో మన సైన్యం శ్రీలంక వెళ్ళినప్పుడు మా వైపు కుర్రాళ్ళు కొందరు అందులో ఉన్నారు. ఆ రోజుల్లో ఆడవాళ్ళు తొమ్మిదింటికే వచ్చి అరుగు మీద కూర్చునేవారు. అందులో ఒకమ్మాయి, పెళ్ళయి ఏడాది కాలేదు. కవరు మీద సైన్యం తపాలా ముద్ర కనబడగానే చెయ్యి చాపేది. "ముందు తారీకెంతేసినాడో సూడన్నా" అనేది. నేను తేదీ చెప్పేవాణ్ణి. వేళ్ళ మీద లెక్కపెట్టుకునేది. ఒకసారి అంది, "పన్నెండు దినాలైపోనాది. రాసిన దినాన ఉన్నాడు. మరి ఇయ్యాళో?" నేనేం చెప్పగలను? ఉత్తరం చదవడం మొదలుపెట్టాను. చదువుతున్నంతసేపూ ఆమె నవ్వుతూ వినేది. మడిచి చేతిలో పెట్టగానే మొహం మళ్ళీ మామూలుగా అయిపోయేది. మర్నాడు తొమ్మిదింటికి మళ్ళీ అరుగు మీద ఉండేది.

1990 మార్చికి సైన్యం శ్రీలంక నుంచి పూర్తిగా తిరిగొచ్చింది. మనవాళ్ళు అక్కడ 1,100 మందికి పైగా చనిపోయారు. ఆమె భర్త క్షేమంగా వచ్చాడు. కాబట్టి ఆమె ఆ అంకెలో లేదు. వేళ్ళ మీద లెక్కపెట్టుకున్న ఆ రెండున్నరేళ్ళు ఏ రిజిస్టర్‌లోనూ లేవు. నేను రోజూ ఎదురుగా కూర్చుని చూశాను కాబట్టి నాకు గుర్తుంది.

ఆయన సంగతి కూడా చెప్తాను. ఒంటి మీద గీత పడలేదు. వచ్చాక సర్వీసు పూర్తి చేశాడు, ఇల్లు కట్టాడు, పిల్లల్ని చదివించాడు. ఊళ్ళో ఎవరినడిగినా "ఆయనకేం, హాయిగా ఉన్నాడు" అంటారు. దీపావళి సాయంత్రం మాత్రం ఆయన ఊళ్ళో ఉండడు. పొలంలో మోటారు షెడ్డు ఉంది. అక్కడికెళ్ళి తలుపేసుకుని మోటారు ఆన్ చేసుకుంటాడు. కాలువ నిండి నీళ్ళు పక్క మడిలోకి పోతున్నా ఆపడు. ఆ మోత ఉంటే ఊళ్ళో టపాసుల చప్పుడు వినబడదు. పదింటికి భార్య క్యారేజీ పట్టుకుని వెళ్తుంది. ఆమే, తారీకు అడిగిన ఆ అమ్మాయే. ఇద్దరూ అక్కడే తిని, అంతా సద్దుమణిగాక ఇంటికొస్తారు. ఈ సంగతి నాకు ఆమె చెప్పింది. ఆయన ఒక్కసారి కూడా ఎత్తలేదు, నేనూ అడగలేదు. పిల్లలు చిన్నప్పుడు నాన్నతో కాకరపువ్వొత్తి కాల్చాలని ఏడిచేవారట.

ఇక పెట్టె సంగతి. మిలిటరీ మనిషి నల్ల పెట్టె మీరు చూసే ఉంటారు. రేకు ట్రంకు, మూత మీద తెల్లరంగుతో నంబరు, ర్యాంకు, పేరు. కార్గిల్ అయిపోయిన మరుసటి ఏడాది, టీవీల వాళ్ళంతా ఎప్పుడో వెళ్ళిపోయాక, కాశ్మీర్‌లో పనిచేస్తున్న మా పక్క ఊరాయన, నాయక్ ర్యాంకులో ఉన్నవాడు, చనిపోయాడు. మనిషి జెండా కప్పుకుని ముందు వచ్చాడు. ఆ రోజు జనం రోడ్డు పొడుగునా నిలబడ్డారు. పెట్టె నాలుగు నెలల తర్వాత వచ్చింది. ఆ రోజు ఎవరూ లేరు, ఇంట్లోవాళ్ళూ నేనూ తప్ప.

సైన్యంలో చనిపోయిన మనిషి సొంత సామాను లెక్కగట్టడానికి కమిటీ ఆఫ్ అడ్జస్ట్‌మెంట్ అని ఒకటి కూర్చుంటుంది. దానికి 1950 నాటి చట్టం ఉంది. ప్రతి వస్తువూ రాస్తారు, బాకీలుంటే తేలుస్తారు, మిగిలింది వారసులకు పంపుతారు. పెట్టెతో పాటు వచ్చిన జాబితా ఇంగ్లీషులో టైపు చేసి ఉంది. ఒక్కొక్కటీ చదివి, వస్తువు చూసి, టిక్కు పెట్టడానికి నన్ను పిలిచారు. ఉన్ని మఫ్లర్ ఒకటి. హవాయి చెప్పులు ఒక జత. గడ్డం గీసుకునే బ్రష్షు ఒకటి. అరసవల్లి సూర్యనారాయణమూర్తి పటం ఒకటి. ప్రెషర్ కుక్కర్ ఒకటి, కొత్తది, క్యాంటీన్‌లో కొన్నది, అట్టపెట్టె కూడా విప్పలేదు. ఇలా చదువుకుంటూ పోతే 19వ నంబరు దగ్గర "దారం, ముక్క, ఒకటి" అని ఉంది.

పెట్టె మూలలో చుట్టచుట్టి ఉంది. జనపనార పురికొస. తీసి సాగదీస్తే రెండు మూరలకు కొంచెం పైన వచ్చింది, ఒక చివర ముడి. దేనికో నాకు అర్థం కాలేదు. వాళ్ళ నాన్నకూ అర్థం కాలేదు. అప్పటిదాకా గోడకానుకుని కూర్చున్న ఆయన భార్య చెయ్యి చాపింది. "మా గుంటడి కొలతన్నా అది. మొన్న సెలవుకొచ్చినప్పుడు తీసుకెళ్ళినాడు, బట్టలు కుట్టించి పంపుతానని" అంది. పిల్లాడు గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. వాణ్ణి పిలిచి ఆ దారంతో కొలుస్తారేమోనని నాకు భయమేసింది. ఎవరూ కొలవలేదు. ఆమె దారాన్ని వేలికి చుట్టి చుట్టి, తీసి, కొంగున ముడేసుకుంది. నేను 19వ నంబరు ఎదురుగా టిక్కు పెట్టి 20 చదివాను.

ఆ దారం ఏమిటో అక్కడ జాబితా రాసినాయనకు తెలిసి ఉండదు. చెత్త అనుకుని పారేయొచ్చు. పారేయలేదు, ఒక నంబరు వేసి పంపాడు. ఆయనెవరో నాకు తెలియదు కానీ ఇప్పటికీ మనసులో దణ్ణం పెట్టుకుంటాను.

బాబూ, మీరు అంకెలు చదివే పద్ధతి కూడా మార్చుకోవాలి. కార్గిల్‌లో 527 మంది చనిపోయారని అందరికీ తెలుసు. గాయపడినవాళ్ళు 1,363 మంది. ఈ రెండో అంకె ఎవరినైనా అడిగి చూడండి, చెప్పలేరు. మన కోరుకొండ సైనిక్ స్కూల్‌లో చదివిన కల్నల్ సంతోష్‌బాబు 2020 జూన్ 15 రాత్రి గల్వాన్‌లో ప్రాణం ఇచ్చాడు. ఆయనతో కలిపి 20 మంది. ఆయన ఊరు సూర్యాపేట అయినా విజయనగరం జిల్లా మొత్తం మనవాడే అనుకుని ఏడిచింది. అది సరైన ఏడుపే. కానీ అంకె చదివినప్పుడు నేను ఇంకో పని కూడా చేస్తాను. పక్కన వయసు వేసుకుంటాను. 1999లో 23 ఏళ్ళ వయసున్న భార్య అంటే, 2025కి ఆమెకు 49. మధ్యలో ఇరవై ఆరు సంక్రాంతులు. మీ వీధిలో ముసలావిడ 1971లో ఇరవై ఏళ్ళ పిల్ల అనుకోండి, యాభై నాలుగేళ్ళు. యుద్ధం పదమూడు రోజులే జరిగింది.

యుద్ధమే జరగకపోయినా ఖరీదు ఆగదు, ఇది చాలామందికి తెలియదు. పార్లమెంటు మీద దాడి తర్వాత, 2001 డిసెంబర్‌లో సైన్యాన్ని సరిహద్దుకు తరలించారు. ఆపరేషన్ పరాక్రమ్ అన్నారు. పది నెలలు ఎదురుబొదురుగా నిలబడి, యుద్ధం లేకుండానే 2002 అక్టోబర్‌లో వెనక్కి పిలిచారు. అందులో ఎనిమిది వందలకు దగ్గరగా ప్రాణాలు పోయాయి. మందుపాతరలు పాతుతూ, తీస్తూ, ప్రమాదాల్లో పోయినవాళ్ళు చాలామంది.

మాకు తెలిసిన ఒకాయన కాలు ఆ ఏడాదే పోయింది, మోకాలి కింద నుంచి. పుణెలో ఆర్టిఫిషియల్ లింబ్ సెంటర్ ఉంది, 1944 నుంచి సైనికులకు కృత్రిమ కాళ్ళూ చేతులూ చేస్తోంది. అక్కడ మంచి కాలు చేసి ఇచ్చారు. ఆయన నడుస్తాడు, సైకిల్ తొక్కుతాడు, ప్యాంటు వేసుకుంటే తెలియదు. అయితే ఆయన వంశధార కాలువ కింద వరి రైతు. దమ్ము చేసిన మడిలో దిగితే ఆ కాలు బురదలో కూరుకుపోతుంది. "మనిషి పైకొస్తాను గానీ కాలు రాదు బాబూ, మడిలోనే ఉండిపోద్ది" అన్నాడు నాతో. రెండేళ్ళు ప్రయత్నం చేశాడు, తర్వాత ఎకరంన్నర కౌలుకిచ్చేశాడు. ఇప్పుడు ఊడుపుల రోజుల్లో గట్టు మీద కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. తన పొలంలో వేరేవాళ్ళు ఊడుస్తుంటే చూస్తుంటాడు. పెన్షన్ వస్తోంది, డబ్బుకి లోటు లేదు. ఖరీదు అన్నప్పుడు నాకు ఆయన కుర్చీ గుర్తొస్తుంది.

డబ్బు మాట ఎలాగూ వచ్చింది కాబట్టి, అది ఎలా నడుస్తుందో మీకు తెలియాలి. సైనికుడు పోతే కుటుంబానికి వచ్చే పెన్షన్ ఎలా పోయాడన్న దాన్ని బట్టి ఉంటుంది. యుద్ధంలో, శత్రువు చేతిలో పోతే చివరి జీతం మొత్తం పెన్షన్‌గా వస్తుంది. లిబరలైజ్డ్ ఫ్యామిలీ పెన్షన్ అంటారు. సర్వీసు కారణంగా పోయాడని తేలితే స్పెషల్ ఫ్యామిలీ పెన్షన్, జీతంలో 60 శాతం. సర్వీసుకి సంబంధం లేదని తేలితే మామూలు పెన్షన్, కొన్నేళ్ళు సగం, తర్వాత 30 శాతం. అందుకని ఒక ఫైల్లో 'బ్యాటిల్ కాజువాల్టీ', అంటే యుద్ధంలో పోయాడు, అని రాశారా, 'ఫిజికల్ కాజువాల్టీ', అంటే వేరే కారణంతో పోయాడు, అని రాశారా అన్న దాని మీద ఒక ఆడమనిషి మిగతా జీవితం ఆధారపడి ఉంటుంది. అగ్నివీర్‌గా వెళ్ళినవాడు పోతే ఏకమొత్తం వస్తుంది, అందులో ఇన్సూరెన్స్ 48 లక్షలు. నెలనెలా వచ్చే ఫ్యామిలీ పెన్షన్ లేదు. మీ తమ్ముళ్ళెవరైనా వెళ్తుంటే ఇంట్లోవాళ్ళకు ఇది ముందే చెప్పండి.

ఎత్తయిన మంచు పోస్టులో గుండె ఆగి పోయిన ఒక కుర్రాడి ఫైలు నేను చూశాను. సర్వీసు కారణమా కాదా అని తేల్చడానికి ఆరేళ్ళు పట్టింది. మధ్యలో ఆయన భార్య పేరు ఒక కాగితంలో లక్ష్మి అని, ఇంకో కాగితంలో లక్ష్మమ్మ అని ఉందని ఒక ఆఫీసు వెనక్కి పంపింది. ఆమె ప్రతిసారీ ఒక గుడ్డసంచిలో పెళ్ళి ఫోటో కూడా పెట్టుకుని తెచ్చేది. "ఈయన మా ఆయనే అని దీంట్లో కనిపిస్తోంది కదా" అని చూపించేది. ఒక కౌంటర్లో ఎవరో తల ఎత్తకుండానే "ఇది చెల్లదమ్మా" అన్నారు. మామగారు ఆ తీర్పు రాకముందే పోయారు. శత్రువు ఎవరూ లేని చోట, శ్రీకాకుళంలో ఒక కుర్చీలో, ఆమె ఆరేళ్ళు యుద్ధం చేసింది.

డబ్బు వచ్చాక ఇంకో బాధ. ఒకే చెక్కు, అటు తల్లిదండ్రులు, ఇటు భార్య. ఎవరి తప్పూ లేదు, కొడుకును పెంచినవాళ్ళకూ హక్కుంది, కట్టుకున్నదానికీ హక్కుంది. కానీ దినవారాలు కాకుండానే మాటలు మొదలవుతాయి. మా వైపు ఒకింట్లో 22 ఏళ్ళ పిల్లను పదిహేడేళ్ళ మరిదికిచ్చి చేసేద్దామన్నారు పెద్దలు, డబ్బు ఇంట్లోనే ఉంటుందని. ఆ కుర్రాడు ఇంటర్ చదువుతున్నాడు. ఆమెను వదినా అని పిలిచి, ఆమె పెట్టిన అన్నం తిని పెరిగాడు. ఇది పల్లెటూరి మూర్ఖత్వం అనుకోకండి. శౌర్య పతకం పొంది పోయినవాళ్ళ భార్యకు ఇచ్చే భత్యం విషయంలో సర్కారు నియమమే అలా ఉండేది. ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకుంటే ఆగిపోతుంది, భర్త అన్నదమ్ముల్లో ఒకర్ని చేసుకుంటే ఆగదు. 2017 నవంబర్‌లో ఆ షరతు తీసేశారు. మా వైపు ఆ పిల్ల ఒప్పుకోలేదు. పార్వతీపురం దగ్గర పుట్టింటికి వెళ్ళిపోయింది, అంగన్‌వాడీలో పనిచేస్తోంది. మరిది ఏటా రాఖీకి వెళ్ళి వస్తాడు.

సైనికులు లేని ఇళ్ళ మాటేమిటి అని మీరు అడగొచ్చు. మా ఇంటి సంగతే చెప్తాను. మా తాతా నాయనమ్మా రంగంలో ఉండేవారు. రంగూన్‌ను మనవాళ్ళు రంగం అనేవారు. మన జిల్లాల నుంచి వేలమంది బియ్యం మిల్లుల్లో, రేవులో కూలికి వెళ్ళారు, అక్కడివాళ్ళు మనల్ని కోరంగీలు అనేవారు. 1941 డిసెంబర్ 23న జపాన్ వాళ్ళు రంగం మీద బాంబులు వేశారు. మార్చికల్లా ఊరు వాళ్ళ చేతిలోకి పోయింది. ఓడ టిక్కెట్టుకి డబ్బున్నవాళ్ళు ఓడెక్కారు. లేనివాళ్ళు అడవుల్లో, కొండల్లో పడి నడిచారు. అలా నడిచినవాళ్ళు లక్షల్లో ఉన్నారు. దారిలో కలరాతో, మలేరియాతో, ఆకలితో ఎంతమంది పోయారో ఖచ్చితమైన లెక్క ఎవరూ రాయలేదు. మా నాయనమ్మ ఇద్దరు పిల్లలతో బయల్దేరి ఒక పిల్లాడితో మణిపూర్ చేరింది. ఆ చేరిన పిల్లాడు మా నాన్న.

రెండో బిడ్డ పేరు ఆమె నోట మేమెవరమూ వినలేదు. ఆడపిల్ల అని మాత్రం తెలుసు. 1979లో పోయేదాకా మా నాయనమ్మకు ఒక అలవాటుండేది. వంటకు బియ్యం కొలిచేటప్పుడు గుప్పెడు తీసి కొంగున ముడేసుకునేది. రాత్రి పడుకునే ముందు విప్పి మళ్ళీ డబ్బాలో పోసేది. మేం పిల్లలం నవ్వేవాళ్ళం. ఒకసారి అడిగితే "దారిలో అడిగినాదిరా" అంది. ఇంకేం చెప్పలేదు. అలా అడిగినప్పుడు నాకు పదేళ్ళు. ఎవరు అడిగింది, ఏం అడిగింది అన్నది నాకు అర్థం కావడానికి, నాకు కూతురు పుట్టేదాకా పట్టింది.

మన నేలకు ఈ లెక్క కొత్త కాదు. మనం కళింగులం. కళింగ యుద్ధంలో లక్షమంది చచ్చారని, లక్షన్నర మందిని చెరపట్టి తరలించారని, అంతకు ఎన్నో రెట్లు మంది తర్వాత పోయారని అశోకుడు తన పదమూడో శాసనంలో తానే రాయించాడు. ఇంతవరకు స్కూల్లో చెప్తారు. ఆ శాసనంలోనే ఇంకో మాట ఉంది, అది చెప్పరు. తమకు ఏ దెబ్బా తగలకపోయినా, ప్రేమించిన స్నేహితులకూ బంధువులకూ ఆపద వస్తే అది వాళ్ళకూ దెబ్బే అని రాయించాడు. అరుగు మీద కూర్చున్న అమ్మాయి సంగతి రెండు వేల రెండు వందల ఏళ్ళ కిందటే బండ మీద ఉంది. విచిత్రం ఏమిటంటే, ఆ శాసనాన్ని కళింగంలో చెక్కించలేదు. ఒడిశాలోని ధౌలిలోనూ, ఇచ్ఛాపురం దాటితే గంజాం జిల్లాలో ఉన్న జౌగడలోనూ దాన్ని వదిలేసి వేరే శాసనాలు పెట్టించాడు. మన రాష్ట్రంలో చూడాలంటే కర్నూలు జిల్లా ఎర్రగుడి వెళ్ళాలి. ఎందుకలా చేశాడో పండితులు రకరకాలుగా చెప్తారు. పోగొట్టుకున్నవాళ్ళ ముందు ఆ లెక్క చదవడానికి ఆయనకు మొహం చెల్లలేదని నేననుకుంటాను.

ఇప్పుడు కొన్ని జాగ్రత్తలు, ఎందుకంటే ఇదంతా చదివి మీరు పొరపాటు దారిలో వెళ్ళకూడదు.

గర్వాన్ని వాళ్ళ దగ్గర్నుంచి లాక్కోవద్దు. కొడుకు ఫోటోకి రోజూ దండ మార్చి, "నా బిడ్డ దేశం కోసం పోయినాడు" అని చెప్పే తండ్రి అబద్ధం చెప్పడం లేదు. ఆ మాట మీదే ఆయన నిలబడి ఉన్నాడు. మీరు వెళ్ళి యుద్ధం వృథా అని వాదించకండి. గర్వమూ దుఃఖమూ ఒకే మనిషిలో, ఒకే పూట ఉంటాయి. నేను చూసిన దాదాపు ప్రతి ఇంట్లోనూ రెండూ ఉన్నాయి.

ఖరీదు తెలిసినంత మాత్రాన ప్రతి యుద్ధమూ వద్దనాలని కూడా నేననను. ఇంటి మీదికొస్తే ఎదుర్కోక తప్పదు. కానీ టీవీ ముందు కూర్చుని "ఏసీయాలి" అనేవాడు, ఎవరి కొంగున ఏ ముడి పడుతుందో ఒక్క క్షణం ఆలోచించాకే ఆ మాట అనాలి. ఈ విషయంలో నాకు కోపం ఉంది, దాచను.

అవతలివాళ్ళ ఇళ్ళలోనూ ఇదే జరుగుతుంది. కార్గిల్ కొండల మీద పాకిస్తాన్ తీసుకోనన్న వాళ్ళ సైనికుల దేహాలను మనవాళ్ళే వాళ్ళ మతాచారం ప్రకారం పాతిపెట్టారు. ఆ పని చేసింది నిన్నటిదాకా వాళ్ళతో పోరాడిన సైనికులే. అందుకే సైనికుడి నోట శత్రువు మీద ఎక్కువ బూతులు వినబడవు.

మిమ్మల్ని నలుగురిలో అన్న ఆయన సర్వీసు చేసిన మనిషే అయితే, ఆయన మాటలో సగం నిజం ఉంది, అది ఒప్పుకోండి. వాదనకు వెళ్ళకండి. ఏదో ఒక సాయంత్రం ఒంటరిగా ఉన్నప్పుడు వెళ్ళి ఆయన పనిచేసిన చోటు గురించి అడగండి. చలి ఎలా ఉండేది, ఏం తినేవారు, ఎవరితో ఉండేవారు. ఎంతమందిని చంపారని మాత్రం జన్మలో అడగకండి. పిల్లలు అడిగితే అర్థం ఉంది, మనం అడగకూడదు. ఆయన చెప్పకపోతే కాఫీ తాగి వచ్చేయండి. రెండోసారి వెళ్ళండి.

ఇక మీ వీధిలో ముసలావిడ. డిసెంబర్ 7 సైనిక పతాక దినం రోజున, స్వాతంత్ర్య దినం రోజున ఆవిడకు శాలువా కప్పేవాళ్ళు ఎలాగూ ఉంటారు. మీరు మామూలు రోజున వెళ్ళండి. "మామ్మా, మీ ఆయన ఎలా చనిపోయారు" అని మొదలుపెట్టొద్దు. యాభై ఏళ్ళకు పైగా ఆవిడను అందరూ అదే అడిగారు. ఆయన ఎలా ఉండేవారు, ఏ కూర ఇష్టం, పెళ్ళి ఏ ఊళ్ళో అయింది, ఇవి అడగండి. నేనిలా ఒకావిడను అడిగితే, "మా ఆయన పాట పాడీవోడు బాబూ, ఆ సంగతి నన్నెవులూ అడగలేదు" అంది. రెండు గంటలు కూర్చోబెట్టుకుంది.

చేతిలో ఏదైనా పని పెట్టుకుని వెళ్తే ఇంకా తేలిక, మీకూ ఆవిడకూ మాట దొరుకుతుంది. నవంబర్‌లో పెన్షన్‌కి లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఇప్పుడు చాలామంది పెన్షన్లు స్పర్శ్ అనే మిలిటరీ పెన్షన్ల ఆన్‌లైన్ పద్ధతిలోకి మారాయి, పెద్దవాళ్ళకు అది అర్థం కాక టెన్షన్ పడుతుంటారు. నవంబర్ మొదటి వారంలోనే వెళ్ళండి, ఆఖర్లో సర్వర్ సతాయిస్తుంది. ఆధార్, పీపీవో (పెన్షన్ మంజూరు కాగితం) నంబరు, బ్యాంకు పాస్ బుక్ ముందు రోజే తీసి పెట్టమనండి. పొలం పని చేసిన చేతులు కాబట్టి వేలిముద్ర పడకపోవచ్చు, గీతలు అరిగిపోయి ఉంటాయి. చెయ్యి కడిగించి, తుడిచి, మిగతా వేళ్ళు కూడా చూడండి. అప్పటికీ పడకపోతే ఫోన్‌లో మొహం చూపించే పద్ధతి ఉంది. ఆవిడను వెలుతురు ఎదురుగా వచ్చేలా అరుగు మీద కూర్చోబెట్టండి. ఫోన్ కన్ను ఆర్పమంటుంది. ఎందుకు ఆర్పాలో ముందే చెప్పండి, లేకపోతే కంగారుపడతారు. బతికే ఉన్నారని ఫోన్‌కి తెలియాలంటే కన్ను ఆర్పాలట మామ్మా, అని చెప్పండి. ఒకటి రెండుసార్లు కుదరదు. తొందరపెట్టకండి.